బంతి కొననివాళ్ల బ్యాట్లు

మా ఊళ్లో సాఫ్ట్‌బాల్ బ్యాటు కొనేవాళ్లలో చాలామంది బంతి కొనరు. ఈ సంగతి దుకాణంలో నిలబడి చూస్తే గానీ నా బుర్రకెక్కలేదు. అప్పటికి నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేరి చాలా ఏళ్లయింది. మార్కాపురంలోనే పుట్టి పెరిగినదాన్ని. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. కోపం వస్తే మాత్రం రెండూ కలిసి వస్తాయి. ఆ ఏడాదంతా నా నోట రెండూ కలిసే వచ్చాయి.

మా పిల్లలు ఆడేది స్లోపిచ్. చూడనివాళ్ల కోసం చెప్తాను. అందులో బంతిని బలంగా విసరరు, పైకి లేపి వేస్తారు. అది మనిషి తల దాటి పైకి పోయి, తీరిగ్గా కిందికి దిగుతుంది. గోడ మీద కూర్చుని చూసేవాళ్లు ఇదేం ఆట, చంటిపిల్లలు ఆడుకున్నట్టుంది అంటారు. దిగి ఆడమంటే ఒక్కడూ ముందుకు రాడు. జోరుగా వచ్చే బంతికి బ్యాటు అడ్డం పెట్టినా తన జోరుతోనే కొంత దూరం పోతుంది. మెల్లగా దిగే బంతికి ఆ సాయం ఉండదు. దాన్ని దూరం పంపాలంటే బలమంతా కొట్టేవాళ్ల నడుములోంచి, మణికట్టులోంచి రావాలి. అన్నిటికంటే కష్టం, అది దిగేదాకా ఆగడం. మా పిల్లల్లో ఎక్కువమంది ఆగలేరు. ముందే ఊపేసి, గాలిని కొట్టి, నాలుక కరుచుకుంటారు.

ఆగడం తెలిసిన పిల్ల ఒకతే ఉండేది. తర్లుపాడు దగ్గర పల్లె నుంచి వచ్చేది. పదో తరగతి. తండ్రి లేడు. తల్లి పలకల ఫ్యాక్టరీలో కూలికి పోయేది. అన్న ఆటో తోలేవాడు. ఆదివారం చర్చి అయిపోగానే అన్న ఆటోలోనే గ్రౌండుకు వచ్చేసేది. సన్నటి పిల్ల, చేతులు పుల్లల్లా ఉండేవి. బంతి లేస్తే కళ్లు మాత్రమే పైకి లేచేవి, ఒళ్లు కదిలేది కాదు. బంతి సరిగ్గా నడుము ఎత్తుకు దిగాక ఊపేది. ఆ ఊపు చూసినప్పుడల్లా నాకు జీతం గిట్టుబాటైనట్టు ఉండేది.

గిద్దలూరులో జిల్లా జట్టు ఎంపిక దగ్గరపడింది. అక్కడ నెగ్గితే రాష్ట్ర పోటీలకు పోవచ్చు. ఆ పిల్ల నెగ్గగలదు, బడిలో ఉన్న బ్యాటుతో మాత్రం కాదు. అది ఎవరో కళ్లు మూసుకుని కొని పంపించిన బ్యాటు. బరువంతా కొసలో ఉండేది. బ్యాటు ఎంత తూగుతుందన్నది ఒక లెక్క, ఆ తూకం ఎక్కడుందన్నది ఇంకో లెక్క. ఒకే తూకం ఉన్న రెండు బ్యాట్లలో ఒకటి చేతితో పాటు తిరుగుతుంది, ఇంకొకటి చేతిని లాక్కుపోతుంది. భుజాలున్న మగపిల్లలు ఆ కొసబరువుతో బంతిని ఊరవతలికి పంపగలరు. మా పిల్ల దాన్ని తిప్పేసరికి బంతి దిగిపోయేది. సాయంత్రానికి మణికట్లు వాచేవి. అందుకని, ఆ పిల్లకు సరిపోయే బ్యాటు వెతకాలని ఇద్దరం బయల్దేరాం.

పొదిలిలో అడిగితే లేవన్నారు. మార్కాపురంలో బస్టాండు వెనక దుకాణంలో మాత్రం వరసగా నిలబెట్టి ఉన్నాయి. నల్లవి, ఎర్రవి, పుర్రె బొమ్మలు వేసినవి. ఇన్ని బ్యాట్లున్నాయంటే ఈ ఊళ్లో ఎన్ని జట్లున్నాయో అని ఒక్క క్షణం సంతోషపడ్డాను. నా తెలివి అట్లా ఉండేది.

మేం చూస్తుండగానే ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఒకడు పుర్రె బొమ్మ బ్యాటు తీసి, అరచేతిలో చరుచుకుని, మోకాలి ఎత్తులో అడ్డంగా ఒక ఊపు ఊపాడు. నాకు తెలిసి మోకాలి ఎత్తులో ఏ బంతీ రాదు. ఆ ఊపుకు తగిలేది మోకాలే. రెండోవాడు ఇంకా బరువున్నది లేదా అని అడిగాడు. మీరు ఏ జట్టు బాబూ అని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. బంతి కూడా తీసుకోండి, ఇక్కడ మంచివి ఉన్నాయి అన్నాను.

"బంతెందుకు మేడం, బండిలో పెట్టుకునేదానికి" అన్నాడు మొదటివాడు, ఎంతో మర్యాదగా.

వాళ్లు పోయాక దుకాణం అతను నా మొహం చూసి తనే సంజాయిషీ మొదలుపెట్టాడు. ఎందుకు కొంటున్నావని ప్రతివాణ్నీ అడిగితే దుకాణం మూసుకోవాలట. బంతులు కొనేది మా బడి వాళ్లేనట. చెప్తున్నంతసేపూ బ్యాట్లకు గుడ్డతో మెరుగు పెడుతూనే ఉన్నాడు. తెలుగులో రోత అంటారు, మా ఇంట్లో ఘిన్ అంటాం. అన్నం కలుపుకున్నాక అందులో ఈగ కనిపిస్తే కడుపులోంచి లేస్తుందే, అది. ఆడుకునే వస్తువును తెచ్చి, దాన్ని వరసగా నిలబెట్టి, మనుషుల మోకాళ్లు విరగ్గొట్టడానికి అమ్ముకునే ఊరు మాదని ఆ రోజు తెలిసింది.

పిల్లకు చూపించమంటే ఒక గులాబి రంగుది తీశాడు. దాని మీద ఇంగ్లీషులో రాసింది వేలితో చూపించి, "స్లో అని రాసుంది గదా మేడం. మెల్లగా కొట్టేటోళ్లకు. ఆడపిల్లలకు సరిపోతాది" అన్నాడు. దానికి నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను. సగం ఉర్దూలో ఉంది.

మా పిల్ల మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోకుండా తన పని తను చేసుకుపోయింది. నేను నేర్పినట్టే ఒక్కొక్క బ్యాటునూ ఒంటిచేత్తో పట్టుకుని, భుజం ఎత్తున ముందుకు చాచి నిలబడేది. కాసేపటికి కొస కిందికి వాలితే పక్కన పెట్టేసేది. వరసంతా అయిపోయింది, అన్నీ వాలాయి. అప్పుడు దుకాణం అతను నిచ్చెనెక్కి అటక మీంచి దుమ్ముకొట్టుకున్న తెల్ల బ్యాటు ఒకటి దించాడు. ఎప్పుడో వచ్చిందట, ఎవరూ కొనలేదట. తేలికది, దెబ్బకు ఆనదని కుర్రాళ్లు పట్టి చూసి పక్కన పెట్టేస్తారట. పిల్ల దాన్ని చాచి నిలబడింది. కొస వాలలేదు. రెండు చేతులతో పట్టుకుని దుకాణం మెట్లు దిగి రోడ్డు మీదే ఒకసారి తిప్పింది. బ్యాటు చేతితో పాటే తిరిగింది. స్కూటరు మీద పోతున్న పెద్దమనిషి ఒకాయన బెదిరిపోయి మమ్మల్ని తిట్టుకుంటూ పోయాడు. పిల్ల నవ్వింది. ఆ ఏడాది నాకు కలిగిన శుద్ధమైన సంతోషం అదొక్కటే.

గిద్దలూరుకు రైల్లో పోయాం. అన్న మమ్మల్ని స్టేషనులో దింపి, ఉండబట్టలేక ఆటో అక్కడే వదిలి మాతో పాటు రైలెక్కాడు. ఎంపిక చేసే పెద్దల్లో ఒకాయన ఆట చూడకుండా ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మా పిల్ల వంతు వచ్చింది. బంతి లేచింది, దిగింది, మా పిల్ల ఆగి ఆగి కొట్టింది. అది గ్రౌండు చివర కంపచెట్లలో పడింది. దాన్ని వెతకడానికి ఆట ఆగిపోవడంతో ఆ పెద్దమనిషి తలెత్తక తప్పలేదు. ఎంపికైన వాళ్ల పేర్లు చదివినప్పుడు అందరికంటే గట్టిగా ఈల వేసింది అన్నే. ఆ కుర్రాడు చెడ్డవాడని నేను ఎప్పుడూ అనుకోలేదు. అందుకే ఆ తర్వాత జరిగింది ఇంకా రోత.

పొద్దున్నే లేచి ఇంటి ముందు ఊపు అలవాటు చేసుకోమని బ్యాటును పిల్లతోనే ఇంటికి పంపాను. రాష్ట్ర పోటీలకు వారం ఉందనగా వాళ్ల పల్లెలో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. కింద కుర్రాళ్ల ఫొటోలు వరసగా వేశారు. అన్న స్నేహితుల ఫొటోలు చివరి వరసలో, చిన్నగా పడ్డాయి. దాని మీద గొడవ. రెండు గుంపులూ ఆ నాయకుడి మనుషులే, ఒకే వీధివాళ్లే. తిట్టుకున్నారు, తోసుకున్నారు. అన్న ఇంట్లోకి పోయి, మూలనున్న చెల్లెలి బ్యాటు తీసుకుపోయాడు. దాంతో ఫ్లెక్సీ ఇనుప చట్రాన్ని కొట్టాడు, బండ్లను కొట్టాడు, ఒకడి మోచెయ్యి విరగ్గొట్టాడు. మర్నాడు ఆ నాయకుడే వచ్చి అందరికీ రాజీ చేసి, భుజాల మీద చేతులేయించి ఫొటో తీయించాడు. ఆ ఫొటోతో ఇంకో ఫ్లెక్సీ కట్టారు. ఈసారి అందరి మొహాలూ సమానంగా వేశారట.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, రాష్ట్ర పోటీలకు పోయేటప్పుడు పిల్ల బ్యాటును గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుందని, దారి పొడుగునా ఆ మూట వదల్లేదని. కొత్తచోటు భయమనుకున్నాను.

ఆటకు ముందు అంపైరు అందరి బ్యాట్లకూ ఒక రింగు తొడిగి చూస్తాడు. బ్యాటు గుండ్రంగా, సొట్టలు లేకుండా ఉంటే రింగు ఈ చివరి నుంచి ఆ చివరికి జారిపోతుంది. మా బ్యాటుకు నడుమ పట్టేసింది. ఆయన వేలితో తడిమి, ఇది చెల్లదమ్మా అని పక్కన పెట్టాడు. నేను వంగి చూశాను. ఒకచోట లోతైన సొట్ట, దాని పక్కన ఇనుము గీరుకున్న నల్లటి చార. బంతి తగిలితే అట్లాంటి సొట్ట పడదు. నేను ఏమీ అడగకముందే పిల్ల తల వంచుకుని, "అన్న తీసకపోయినాడు మేడం. చిన్నదే గదా, కనపడదులే అనుకున్న్యా" అంది.

తేలికది దొరుకుతుందేమోనని పక్క జట్టు వాళ్లను బతిమాలి ఒక బ్యాటు తెచ్చాను. అదీ కొసబరువుదే. పిల్ల ఎప్పటిలాగే ఆగింది, ఆగాల్సినంతే ఆగింది. చెయ్యి తిరిగేసరికి బంతి దిగిపోయింది. మిగతా ఆట చెప్పడానికేమీ లేదు. రాష్ట్ర జట్టులోకి తీసుకున్న వాళ్లలో మా పిల్ల లేదు.

తిరిగొచ్చిన రెండో రోజు అన్న బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చెల్లెలికి అన్యాయం చేశానని చెప్పుకుని ఏడుస్తాడేమోనని ఎదురుచూశాను. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, "అంపైరు వద్దన్నాడంట గదా మేడం. ఆటకు ఎట్లా పనికిరాదు. మాకిచ్చేయండి, మా దగ్గర ఉంటాది" అన్నాడు.

నాకు ఏ భాషలోనూ తిట్టు రాలేదు. బడిలో ఉన్న ఆ బ్యాటు తీసుకుని, పిల్లను కూడా పిలుచుకుని గేటెదుటి వెల్డింగు షాపుకు పోయి, ముక్కలుగా కోయమన్నాను. కోస్తున్నంతసేపూ అన్న మంచి వస్తువు పాడవుతోందే అన్నట్టు చూశాడు. చెల్లెలు తెగుతున్న బ్యాటు వైపు చూడలేదు, అన్ననే చూస్తూ నిలబడింది. పిల్ల మొహం చూశాక, ఇంకో బ్యాటు కొని తీరాలనుకున్నాను. మళ్లీ ఎంపికలు వస్తాయి, ఆ పిల్లకు వయసుంది, ఊపు ఎక్కడికీ పోలేదు.

మళ్లీ ఆ దుకాణానికే పోయాం. ఈసారి అతను మా కోసమే తేలికవి రెండు తెప్పించి పెట్టాడు. పిల్ల ఒకటి తీసి భుజం ఎత్తున చాచింది. కొస వాలలేదు. రెండోది చాచింది. అదీ వాలలేదు. రెండూ సరిపోయాయి, ఏది కావాలో నువ్వే చెప్పు అన్నాను. పిల్ల దుకాణం అతని వైపు తిరిగింది.

"అన్నా, బంతికి తప్ప ఇంక దేనికి తగిలినా విరిగిపోయే బ్యాటు ఏదన్నా ఉందా?"

అతను నవ్వబోయి, పిల్ల మొహం చూసి మానుకున్నాడు. అట్లాంటివి చేయరమ్మా అన్నాడు.

"అయితే వద్దులే మేడం, పోదాం" అని, చేతిలోని బ్యాటును కౌంటరు మీద పడుకోబెట్టి, పిల్ల మెట్లు దిగిపోయింది.