నేను రాసిన బండగూడెం చరిత్ర

ఒక ఊరి పేరును ఒక్క కాగితంతో చెరిపేయబోయిన ఘనుణ్ని నేను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఆ రోజు ఊరంతా నవ్వింది, ఇప్పుడు మీరు నవ్వితే కొత్తగా పోయే పరువేమీ లేదు.

ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య గుట్ట మీద నలభై ఇళ్ల ఊరు మా బండగూడెం. శివారు ఊళ్లన్నీ మహానగరంలో కలుస్తున్న రోజులవి. గుట్ట కింద కొత్తగా లేచిన కాలనీవాళ్లు మమ్మల్నీ కలుపుకుని మొత్తానికి 'హిల్ వ్యూ' అని పేరు పెట్టమని అర్జీ ఇచ్చారు. "మీది పాత ఊరని సూపెట్టున్రి, పాత పేరే బోర్డు మీద రాయిస్త" అన్నాడు మున్సిపల్ ఆఫీసరు. ఊరి చరిత్ర రాసే పని నా మీద పడింది. ఎందుకంటే నేను డిగ్రీ చదివాను, చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఆ ఊళ్లో అద్దెకు దిగి ఏడాదే అయిందన్న సంగతి ఎవరికీ అడ్డనిపించలేదు. నాకైతే అసలే అనిపించలేదు.

పాత ఊరంటే బొడ్రాయి ఉండాలి కదా, ఊరు కట్టేనాడు నడిమధ్యన పాతి మొక్కే రాయి! మా ఊళ్లో ఆ పూజలు ఆగిపోయి చాలా కాలమైంది. అడగాల్సిన మనిషి సాయవ్వ, మొదటి ఇళ్లవాళ్లలో మిగిలిన ముసలామె. ఆమె ఘట్‌కేసర్‌లో కూతురింటికి వెళ్లింది. వచ్చేదాకా నేను ఆగుతానా! బావి పక్కన నున్నటి నల్లరాయి కనబడగానే "తరతరాల భక్తుల చేతులు తాకి నునుపుదేలిన బొడ్రాయి" అని రాసేశాను. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఆడవాళ్లు ఏదో చెప్పబోయారు. మగవాళ్లం ఎవరమూ వినలేదు.

ఆఫీసరు వచ్చిన రోజు రాయికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. డప్పులు మోగాయి. నేను గొంతు సవరించుకుని చదువుతుండగా చంకలో బట్టల మూటతో సాయవ్వ దిగింది.

"నా బండకు గీ పసుపేందిరా?"

"జర ఆగవ్వా, ఇది బొడ్రాయి" అన్నాను.

"ఏం బొడ్రాయిరా! మా అత్త గీడనే బొంతలుతికింది, నేనూ గీడనే ఉతుకుతున్న. దండ తీయ్, నాకు పనుంది."

డప్పులు ఆగాయి. ఆఫీసరు ఫైలు మూశాడు. కిరాణా కొట్టు యాదగిరన్న "పాయె, ఊరి పేరు పాయె" అని నెత్తి పట్టుకున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

లేవబోతూ ఆఫీసరు అడిగాడు. "అవ్వా, మీ అత్త గీడికి ఎప్పుడొచ్చింది?"

సాయవ్వ మూట దించి దాని మీదే కూర్చుంది. రాళ్లు కొట్టే ఏడు కుటుంబాలు పాలమూరు నుంచి నడిచి రావడం, బండ పగలగొట్టి బావి తవ్వడం, నీళ్లు పడ్డ రోజున పుట్టిన పిల్లకు గంగ అని పేరు పెట్టడం, చర్చి కడితే మొక్కే దేవుడెవరని చూడకుండా అందరూ రాళ్లు మోయడం, అన్నీ చెప్పింది. ఆఫీసరు ఫైలు తెరిచి రాసుకున్నాడు. ఆయన పెన్ను ఆగిపోతే నాది ఇచ్చాను. ఆ చరిత్రకు నేను చేసిన సాయం అదొక్కటే.

"ఇగ ఫికర్ లేదు. మీ పేరు మీకే ఉంటది" అన్నాడాయన. "ఇంతకూ అసలు బొడ్రాయి ఉందా అవ్వా?"

"ఉండక యాడికి పోతది? రోడ్డు మీద రోడ్డేసి జానెడు మిగిల్చిన్రు." సాయవ్వ నా వైపు చెయ్యి చూపింది. "గీ పోరడు రోజూ పొద్దుగాల వాకిట్ల కాలు వెట్టి బూట్ల తాళ్లు కట్టుకునేది దేని మీద మరి?"

ఆ సాయంత్రమే రాయి కడిగి, పసుపు రాసి, చెంపలేసుకుని, ఊరందరి ముందు ప్రమాణం చేశాను. ఇకమీద ఏ ఊరి చరిత్రా ఆ ఊరి అవ్వను అడగకుండా రాయను. తాళ్లున్న బూట్లు ఈ జన్మలో కొనను.