గాలిమోటరు, జట్కా ఇరుసు

ప్రొద్దుటూరులో జట్కా తోలే మక్బూల్‌కు విమానం కూలిందన్న వార్త పండగలాంటిది. ఆ రోజు బండెక్కినవాళ్లందరికీ ఒకటే మాట: "సూసినావా అప్పా, గాలిమోటరు మళ్లా పడింది. నా బండి నేల వదిలేది లేదు."

1958లో ఒక పొద్దున పల్లె బడికి పోయే సంజీవయ్య అయ్యవారు బండెక్కబోతూ ఆ మాట విని ఆగాడు. "విమానం పడితే ఎందుకు పడిందో నెలల తరబడి విచారించి, మిగతావాటిని బాగుచేస్తాండారు. నీ ఇరుసు ఈ ఏడు మూడుసార్లు విరిగింది. ఏం చేసినావు?"

"గుర్రానికి మూడు తాయెత్తులు కట్టినా, అయ్యవారూ."

"ఇరుసు విరిగితే గుర్రానికా? రేపట్నుంచి నేను బస్సులో పోతాలే!"

రోజువారీ బేరం పోతుందని మక్బూల్‌కు అర్థమైంది. మధ్యాహ్నానికల్లా బండిని కమ్మరి కొలిమి దగ్గర విప్పించాడు. జట్కా అడిగినవాళ్లకు గంభీరంగా చెప్పాడు: "రెండ్రోజులు ఆగప్పా. బండి విచారణలో ఉంది."