మార్త కలిపిన పులిహోర

ఎండుమిరపకాయలు నూనెలో ఎర్రబడి, నల్లబడబోయే ముందు ఒక ఘాటు లేస్తుంది. అది ముక్కుని వదిలేసి నేరుగా గొంతు పట్టుకుంటుంది. ఆ శనివారం పొద్దున అమెరికాలో, షాంటిలీలోని నా రెస్టారెంట్ వంటగదిలో ఆ ఘాటుకి దగ్గు తెరలు వచ్చి, పొయ్యి కట్టేసి గోడకి ఆనుకుని నిలబడ్డాను. దగ్గు వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైపోయిందనీ, మిరపకాయల్ని దించాల్సింది దానికి ఒక్క క్షణం ముందనీ నాకు నేర్పిన మనిషి పేరు మార్త. ఆవిడది గ్వాటెమాలా దేశం. అప్పుడే ఫోన్ టింగుమంది. ఆ దేశానికే స్పానిష్ చదువుకోవడానికి వెళ్లిన మా అమ్మాయి లహరి, రంగులు పులిమిన ఒక బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఫోటో పంపింది. కింద ఒక ముక్క: "బస్ ఎక్కాను నాన్నా. టూ అవర్స్. ఈవినింగ్ బ్యాక్."

వాళ్ల కాలేజీ కుదిర్చిన బస కెత్సాల్తెనాంగోలో. మార్త ఉండేది వేవేతెనాంగో నగరంలో. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఈ రెండు పేర్లూ పలకడానికి నేను పడ్డ కష్టంలో సగం లెక్కల మీద పెట్టి ఉంటే పదో తరగతి పాసయ్యేవాణ్ణి. పిల్ల ఊరు చూడ్డానికి వెళ్తుంటే నాకు గుబులెందుకు? తొమ్మిదేళ్ల కిందట నేను అన్యాయం చేసిన మనిషి దగ్గరికి నా కూతుర్ని పంపాను, అదీ సంగతి. మార్త చెల్లెలి నంబరొకటి నా దగ్గర మిగిలి ఉంటే దాన్ని పట్టుకుని లహరే వెతికింది. శనివారాలు మార్త బజారులో ఉంటుందని మాత్రం చెల్లెలు చెప్పింది. నా పేరు వినగానే ఆవిడ పిల్లని కూర్చోబెడుతుందో, మొహం తిప్పుకుంటుందో నాకు తెలియదు.

నేను లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష హాలు గేటు దాకా వెళ్లి, అక్కడ గోళీసోడా తాగి ఇంటికొచ్చేసినవాణ్ణి. అమెరికాకి నా భార్య ఉద్యోగం మీద, ఆవిడ సామాన్లలో ఒక సామానుగా వచ్చాను. గ్రీన్ కార్డు చేతికొచ్చాక హెర్న్‌డన్‌లో ఒక తెలుగాయన రెస్టారెంట్‌లో పనికి కుదిరాను. "మనవాడివి, వంటగది నువ్వే చూసుకోవాలి" అన్నారు ఓనర్ గారు. నాకు వచ్చిన వంటల్లా ఆమ్లెట్. లోపలికి వెళ్తే, నా భుజం దాకా కూడా రాని ఒక ఆవిడ, నెట్ టోపీ పెట్టుకుని, పెద్ద బేసిన్‌లో చింతపండు పిసుకుతోంది. అంతకుముందు పనిచేసిన తెనాలి వంటాయన దగ్గర చూసి నేర్చుకుని, ఆయన వెళ్లిపోయాక వంటగదంతా తనే మోస్తోందట. మూడో తరగతితో బడి మానేసిందని తర్వాత తెలిసింది. "అయితే నేనే పెద్ద చదువరిని" అన్నాను. "అయితే ఆ గిన్నెలు నువ్వు చదువు" అని సింకు చూపించింది.

ఆవిడ తెలుగు వంటగది దాటి బయటికి వచ్చిన తెలుగు కాదు. ఆగు, చాలు, తొందర వద్దు, మూత పెట్టు, ఇలాంటి మాటలతో మొదలై, నేను చేరాక నాతో గొడవపడటానికి సరిపడా పెరిగింది. నన్ను స్రీనూ అనేది. నేను అక్కా అనేవాణ్ణి. చింతపండుతో ఆవిడకి పుట్టుకతోనే పరిచయం. వాళ్ల ఊరి బజారులో దాన్ని చక్కెర నీళ్లలో కలిపి అమ్ముతారట. ప్రతి కొత్త పెట్టెలోంచీ ఒక రెబ్బ నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎన్ని నీళ్లు పొయ్యాలో చెప్పేది. అన్నాన్ని వెడల్పు ట్రేల్లో పరిచి, పసుపూ నూనే పచ్చి కరివేపాకూ వేసి, చల్లారేదాకా ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. ఒకసారి ఆర్డరు ముంచుకొస్తోందని నేను ఫ్యాన్ పెట్టాను. ఆవిడ వచ్చి ప్లగ్గు పీకేసింది.

"అక్కా, ఇది చల్లారేలోపు మా లహరికి పెళ్లయిపోతుంది."

"అవనీ. ఫ్యాన్ వద్దు. పైన ఎండుతుంది, లోపల వేడి. వేడి మీద ఉప్పు చూస్తావు, తక్కువ అంటావు, ఇంకా వేస్తావు. తర్వాత నువ్వే తిను మొత్తం."

లహరి అప్పట్లో బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చేది. బియ్యం బస్తా మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ, మార్త దగ్గర స్పానిష్‌లో అంకెలూ కూరగాయల పేర్లూ నేర్చుకునేది. ఇవాళ అది కాలేజీలో చదువుతున్న చదువుకి తొలి గురువు ఆవిడే. నాకూ ఆవిడే. కానీ నేను చేసిన పనేమిటో చెప్పాలి.

ఒకసారి సత్యనారాయణ వ్రతానికి ఆర్డరివ్వడానికి వచ్చినావిడ, "వండేది ఎవరండీ? మనవాళ్లేనా?" అని అడిగింది. ఓనర్ గారు నీళ్లు నములుతూ నావైపు చూశారు. నేను లోపలికి పరిగెత్తి, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. "మా అమ్మమ్మ కలలోకి వచ్చి కొలతలు చెప్తుందండీ, నేను కలుపుతాను, అంతే" అన్నాను. ఆవిడ మురిసిపోయింది. తలుపు సందులోంచి చూస్తున్న మార్త కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కోసమే నేను ఆ వేషం మళ్లీ మళ్లీ వేశాను. ఎవరు అడిగినా బొట్టు, తువ్వాలు, అమ్మమ్మ. క్రమంగా ఆర్డరిచ్చేవాళ్లు నా పేరు చెప్పి మరీ పులిహోర అడగడం మొదలుపెట్టారు. మార్త ఏ రోజు నుంచి నవ్వడం మానేసిందో నేను గమనించలేదు. నవ్వించేవాడికి ఎదుటివాళ్లు నవ్వుతున్నారో లేదో తెలియాలి కదా. నాకు నా గొంతే సరిపోయింది.

ఆ ఏడాది ఉగాది వేడుక ఒక స్కూలు ఆడిటోరియంలో జరిగింది. అయిదు వందల మందికి భోజనాలు మావే. మార్త ముందు రోజు నుంచీ నిలబడే ఉంది. భోజనాలయ్యాక మైకులో నా పేరు పిలిచారు. స్టేజీ మీద నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, "అమెరికా గడ్డ మీద అమ్మమ్మల చేతివంటని నిలబెట్టిన తమ్ముడు" అన్నారు. మైకు నాకిచ్చారు. అక్కడ ఒక్క పేరు చెబితే సరిపోయేది. నేను ఏం చెప్పానంటే, "పదో తరగతి తప్పినవాడికి సన్మానం చేశారు, మిగతా సబ్జెక్టులు కూడా తప్పి ఉంటే పద్మశ్రీ ఇచ్చేవారేమో." హాలంతా విరగబడి నవ్వింది. హాలు చివర వంటలు అందించే కిటికీ ఉంది. అందులో మార్త మొహం కనిపించింది. గంగాళం కడుగుతూ తలెత్తి చూసి, మళ్లీ వంచేసింది.

నేను తిన్నగా వంటగదిలోకి వెళ్లి, మైకులో మాట్లాడినాయన గొంతు అనుకరిస్తూ, "అమెరికా గడ్డ మీద..." అని శాలువా తీసి మార్త భుజాల మీద కప్పాను. గిన్నెలు తోమేవాళ్లు నవ్వారు. మార్త ముందు తన చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. తర్వాత శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, పొడిగా ఉన్న ఒక ట్రే మీద ఉంచింది. "చేతులు తడి. మరక అవుతుంది" అని మళ్లీ గంగాళం అందుకుంది. తిడితే బదులు చెప్పేవాణ్ణి. తిట్టలేదు.

ఇంటి దగ్గర దింపుతుంటే కార్లో అడిగాను. "కోపమా అక్కా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "నువ్వు జోక్ చెప్తావు, అందరూ నవ్వుతారు. నవ్వాక ఎవరూ ఏమీ అడగరు. నీకు తెలుసు అది. తెలిసే చెప్తావు."

రెండు నెలలకి వాళ్లమ్మకి జబ్బు చేసిందని కబురొచ్చింది. అమెరికాలో ఉండటానికి కాగితాలు లేని మనిషి ఒకసారి వెళ్తే తిరిగి రావడం ఉండదు. అది తెలిసే వెళ్లింది. నేను ఎయిర్‌పోర్ట్‌లో దింపుతూ ఏవో జోకులు వేశాను. ఆవిడ లహరిని ముద్దు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఓనర్ గారు వ్యాపారం మానేస్తే నేను షాంటిలీలో సొంతంగా తెరిచాను. మెనూ మీద మొదటి పేరు అమ్మమ్మ పులిహోర. కౌంటర్ వెనక శాలువాతో నా ఫోటో. మా అమ్మమ్మకి పులుపు పడేది కాదు, పాపం, ఆవిడ జన్మలో పులిహోర కలిపి ఎరుగదు.

ఆ శనివారానికి కొన్నాళ్ల ముందు లహరిని గ్వాటెమాలా విమానం ఎక్కించడానికి తీసుకెళ్తూ, దారిలో ఇదంతా చెప్పాను. మార్త ఆంటీని కలుస్తానని అది పట్టుబట్టింది కాబట్టి చెప్పక తప్పలేదు. అంతా విని అది నావైపు తిరిగింది.

"సో, ఆ ఫోటో లై నా?"

"ఫోటో నిజమేనమ్మా. శాలువా కూడా నిజమే. లోపల ఉన్నవాడే కొంచెం..."

"నాన్నా, డోంట్. జోక్ వద్దు. ప్లీజ్."

ఇరవై ఏళ్ల పిల్ల. నా జోకులకి అందరికంటే ముందు నవ్వే పిల్ల. 

ఆ శనివారం మధ్యాహ్నం మూడున్నరకి, భోజనాల రద్దీ తగ్గాక, వీడియో కాల్ వచ్చింది. వెనక ప్లాస్టిక్ పట్టాల కప్పు, బుట్టలు, అరుపులు. లహరి నోటి నిండా ఏదో ఉంది. "నాన్నా, దొరికింది! మొక్కజొన్న పిండి, లీఫ్‌లో స్టీమ్ చేసి అమ్ముతోంది. నాకు త్రీ పెట్టింది. ఫోర్త్ వద్దంటే కోప్పడింది."

"నా పేరు చెప్పావా?"

"నువ్వే చెప్పుకో" అని ఫోన్ ఆవిడకిచ్చింది.

జుట్టు తెల్లబడింది. పళ్ల మధ్య సందు అలాగే ఉంది. నేను ఫోన్ పట్టుకుని, "ఏంటక్కా, మీ దేశంలో తిండి బాగానే దొరుకుతున్నట్టుంది, బుగ్గలొచ్చాయి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఇంకో జోకు వేశాను. అలాగే చూస్తూ కూర్చుంది. మూడోది నోట్లోకి వచ్చింది గానీ బయటికి రాలేదు. వెనకాల ఎవరో బేరమాడుతున్నారు. లహరి పక్కనుంచి నన్నే చూస్తోంది.

"ఆ పులిహోర నీది" అన్నాను. "నాదని చెప్పుకున్నాను. శాలువా కప్పించుకున్నాను. ఇవాళ్టికీ అలాగే చెప్పుకుంటున్నాను. తప్పు చేశానక్కా."

లహరి స్పానిష్‌లో చెప్పబోతే మార్త చెయ్యి అడ్డం పెట్టింది. అర్థమైంది ఆవిడకి. తొమ్మిదేళ్లుగా వాడని తెలుగుని ఎక్కడెక్కడి నుంచో పోగుచేసుకుంటూ, ఆగి ఆగి అంది. "నాకు ఎందుకు చెప్తావు స్రీనూ? నాకు తెలుసు కదా. తిన్నవాళ్లకి చెప్పు."

కోపంగా అనలేదు. గిన్నె ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత వాళ్లమ్మ ఎలా పోయిందో చెప్పింది. నా మోకాళ్ల గురించి అడిగింది. ఎవరో కొనడానికి వస్తే "ఉండు" అని తెలుగులోనే వాళ్లకి చెప్పి, తనే నవ్వుకుని, ఫోన్ పిల్లకిచ్చి వెళ్లిపోయింది. నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

గంట తర్వాత శాస్త్రి గారు వచ్చారు. ఒంగోలు నుంచి కొడుకింటికి ఆర్నెల్లకి వచ్చిన పెద్దాయన. ప్రతి శనివారం కొడుకు పక్క షాపులో కూరగాయలు కొనే వేళ, ఈయన నా దగ్గర కూర్చుని పులిహోర తిని టీ తాగుతారు. ఆ రోజు రెండు చెంచాలు తిని, ప్రతిసారీ అనే మాటే అన్నారు. "ఏ ఊరి వాటం బాబూ ఇది? ఇంటి దగ్గర కూడా ఇలా కుదరదు."

అమ్మమ్మ నాలుక చివర సిద్ధంగా ఉంది. "వేవేతెనాంగో అండీ" అన్నాను.

"అదెక్కడ? చీరాల అవతలా?"

"గ్వాటెమాలా అనే దేశంలోనండీ. మార్త అని, ఆవిడ వంట ఇది. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. మా అమ్మమ్మ సంగతి అబద్ధమండీ."

ఆయన చెంచా ప్లేట్లో పెట్టారు. "వాళ్లు మాంసం తింటారు కదూ?"

"తింటారండీ. నేనూ తింటాను."

ఆయన ప్లేటు పక్కకి జరిపి, టీ మాత్రం తాగి, కొడుకు వస్తే లేచి వెళ్లారు. రెండు రోజులకి వాళ్లింటి వ్రతానికి ఇచ్చిన ఆర్డరు వద్దన్నారు. నేను గోడ మీద ఫోటో తీసేశాను. మెనూలో మార్త పులిహోర అని మార్పించాను. "మార్త ఎవరు?" అని అడిగినవాళ్లకి చెబుతున్నాను. కొందరు ముచ్చటపడి ఇంకా అడుగుతారు. కొందరు ఇడ్లీ చెబుతారు. జోకు ఒక్క క్షణంలో అయిపోయేది. నిజాన్ని మాత్రం ప్రతిసారీ మొదటి నుంచీ నిలబడి చెప్పాలి, కాళ్లు లాగుతాయి.

శాస్త్రి గారు మళ్లీ శనివారం వచ్చారు. పులిహోర వద్దన్నారు, టీ అడిగారు. సగం తాగాక, "ఆవిడ పేరేమన్నావు?" అన్నారు.

"మార్త అండీ."

"ఊఁ" అన్నారు.

అప్పటి నుంచి నాలుగు శనివారాలుగా ఇదే జరుగుతోంది. ఆయన టీ తాగుతారు, పేరు అడుగుతారు, ఊఁ అంటారు. మరిచిపోయి అడుగుతున్నారో, మరేదైనానో నాకు తెలియదు. నేను చేస్తున్న పని ఆపి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, పూర్తిగా చెబుతాను. మార్త అండీ, నాకు వంట నేర్పినావిడ, అని.