అంబలి కుండకు సాక్ష్యం

మైక్రోబయాలజీ చదువుతున్నానంటే మా ఊళ్లో ఎవరికీ అర్థం కాని రోజులవి. "కంటికి కనపడని పురుగుల చదువు" అని విడమరిచి చెప్పేదాన్ని. "కనపడనిదాన్ని ఎట్ల చదువుతావమ్మీ?" అని మా జేజి, అంటే నాన్నమ్మ, బుగ్గలు నొక్కుకునేది. కర్నూలు హాస్టల్లో ఉంటూ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న నాకు మాత్రం, లోకంలో తెలుసుకోవలసింది ఇంకేమీ మిగల్లేదన్న నమ్మకం గట్టిగా ఉండేది. (ఆ నమ్మకం ఉన్నన్నాళ్లూ బతుకు భలే హాయిగా ఉండింది.)

నన్ను ఎమ్మెస్సీకి తిరుపతి పంపాలా వద్దా అన్నది అప్పట్లో ఇంట్లో నలుగుతున్న విషయం. మాది కోడుమూరు పక్కన పల్లె. ఏ మాటైనా చివరికి మా నాన్నకు నాన్న, మేము జేజినాయన అని పిలిచే ఆయన దగ్గరే తేలాలి. ఆయన ఊరికి పెద్దమనిషి. గట్టు తగాదాలైనా, అన్నదమ్ముల పంపకాలైనా సరే, ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, సాక్షుల్ని పిలిచి, తీర్పు చెప్పేవాడు. సరిగ్గా ఆ సమయంలోనే కడపలో ఒక కాలేజీవాళ్లు మైక్రోబయాలజీ సదస్సు పెట్టారు. చుట్టుపక్కల జిల్లాల విద్యార్థులు, లెక్చరర్లు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు అందరూ వస్తారు. అందులో నా పేపరు ఎంపికైందని ఫోన్‌లో ఎగిరి గంతేసినంత పని చేసి చెబితే, అవతల జేజినాయన తాపీగా అన్నాడు: "ఆ చదువెట్లాంటిదో నా కండ్లతో చూస్తా. పంపేదీ లేందీ ఆపైన చెప్తా."

అన్నట్టే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు, వెంట ఇద్దరు ఊరివాళ్లు (పెద్దమనిషి ఒంటరిగా కదిలితే మర్యాదేముంటుంది?). ఆ ఇద్దరూ జీపులోనే కూర్చుండిపోయారు గానీ, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరి అమ్మాయిలు ఆయన మీసాలు చూసి ఎవరో ముఖ్య అతిథి అనుకున్నట్టున్నారు. చొక్కాకు బ్యాడ్జీ తగిలించి, చేతికి గులాబీ ఇచ్చి, తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టారు. పొద్దుటి ఇంగ్లీషు ఉపన్యాసాలన్నీ ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వాది మాట ప్రతివాది మాట వింటున్నవాడిలా తలూపుతూ విన్నాడు. వెనక వరసలో నేను మాత్రం ఆయన వైపు చూడకుండా నా పేపరు మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాను.

నా పేపరు మా ఇంటి అంబలి మీద. జేజి రాత్రి జొన్నపిండిని కుండలో పులియబెట్టి పొద్దున కాస్తుంది కదా, ఆ పులిసిన పిండినీళ్లలో ఏయే బ్యాక్టీరియా ఉన్నాయో చూశాను. చెప్పడం బాగానే చెప్పాను. అప్పుడు లేచాడు కడప పెద్ద సారొకాయన. మేము చాటుగా శల్యపరీక్ష సారు అనుకునేవాళ్లం. పిల్లలు బెదరకూడదని ఆయన తెలుగులోనే అడిగేవాడు, కానీ ఏ భాషలో అడిగినా బెదిరేవాళ్లం.

"నమూనాలన్నీ ఒక్క ఇంటివేనా?"

"అవును సార్, మా ఇంటివే."

"నువ్వు చెప్పిన బ్యాక్టీరియా పిండిలోదా, కుండకు పట్టిన మురికిలోదా? ఆ కుండ శుభ్రంగా ఉందనడానికి ఆధారమేంది?"

ఖాళీ కుండను కడిగిన నీళ్లను కూడా పరీక్షించి ఉండాలి. నేను పరీక్షించలేదు. ఆ ఆలోచనే రాలేదు. చేతిలో కాగితాలు తిరగేస్తూ బిగుసుకుపోయాను. అంతలో ముందు వరసలో తువ్వాలు విదిలించిన చప్పుడు వినిపించింది.

"ఆధారం నేనుండా సారూ!" అని లేచి నిలబడ్డాడు జేజినాయన. "ఆ కుండ మాది. మా ఇంటామె దాన్ని బూడిదేసి తోమేది దినామూ చూస్తాండా. సాక్ష్యం నేను చెప్తాండా. సాలదంటే ఇంగిద్దరు జీపులో ఉండారు, పిలిపిస్తా."

హాలు హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది నాకు. తిరుపతి చదువు అక్కడికక్కడే ముగిసిపోయిందనుకున్నాను. నవ్వనిది ఇద్దరే: జేజినాయన, ఆ సారు.

"పెద్దాయనా, మీ కుండ మీద నాకు అనుమానమేం లేదు," అన్నాడు సారు. "మా ఇంటి కుండైనా ఇట్లే అడుగుతా. ఈడ పద్ధతది."

జేజినాయన తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. "అట్లయితే ఆ పాప మిమ్మల్ని తిరిగి అడగొచ్చునా?"

"అడగాల."

"అడుగు పాపా," అని తీర్పు చెప్పి కూర్చున్నాడు.

ఏం అడగను? పొద్దున ఆ సారు బోరునీళ్ల మీద మాట్లాడినప్పుడు ఒక సందేహం వచ్చి, పైకి అనలేక మింగేశాను. అదే ఇప్పుడు పీలగొంతుతో బయటికొచ్చింది. "సార్... మీ నీళ్లు కూడా ఒక్క బోరువే కదా సార్?"

సారు గడ్డం గోక్కున్నాడు. "నిజమే. నాదీ ఒక్క బోరే. నువ్వు కుండ కడిగిన నీళ్లు చూడు, నేను ఇంకొన్ని బోర్లు చూస్తా," అని తనే ముందు చప్పట్లు కొట్టాడు. మంచి పేపరుకిచ్చే బహుమతి మాత్రం నంద్యాల అబ్బాయికి పోయింది. (వాడు నమూనాలు చాలా ఇళ్ల నుంచి తెచ్చాడట.)

టీ విరామంలో చూస్తే సారే రెండు కప్పులు తెచ్చి, ఒకటి జేజినాయన చేతిలో పెట్టి, ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నారో అడిగే ధైర్యం లేకపోయింది. సాయంత్రం జీపులో జేజినాయన పొలాలు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"మన తట్టు నలుగురిలో అట్లడిగితే ఆ రెండిండ్లు మళ్లా మాట్లాడుకోవు. ఈయప్ప అడిగించుకోని, టీ తెచ్చిచ్చినాడు." నా వైపు తిరిగి, "నా తీర్పును ఇన్నేండ్లలో ఎవురూ ఎదురడగల్యా పాపా. అన్నీ సరిగానే చెప్పినాననుకుంటి," అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా నేను ఎప్పుడూ వినలేదు. "పో, తిరుపతికి పో. శానా అడుగు. అడిగించుకో."

జేజినాయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు సదస్సుల్లో ముందు వరసలో కూర్చునేది నేనే. నాకూ చాటున ఏదో పేరు పెట్టే ఉంటారు పిల్లలు. మొన్న అదే కడపలో రాయచోటి అమ్మాయి ఒకతె పేపరు చదివింది. "ఆధారమేమిటి?" అని అడిగాను. పాపం, నాలాగే బిగుసుకుపోయింది. అలవాటుగా నా కళ్లు వరసలన్నీ వెతికాయి. భుజాన తువ్వాలున్న మనిషి ఎక్కడా లేడు. కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోను. ఆ రోజు ఆయన చేసిన పనీ నేనే చేశాను. "సరే, నువ్వు నన్నొకటి అడుగు పాపా," అన్నాను.

అడిగింది. జవాబు నాకు తెలియదు. తెలుసుకోవలసిందేమీ మిగల్లేదనుకున్న ఆ కర్నూలు హాస్టలు పిల్ల గుర్తొచ్చి, మైకు పట్టుకునే నవ్వేశాను.