నడుము ఎక్స్‌ప్రెస్ కొంచెం ఆలస్యం

మైకమ్మగారు ముందుగా ప్రకటించకుండా ఏ పనీ చేయరు. తుమ్ము వస్తున్నా సరే, ముక్కు పట్టుకుని, "అందరూ గమనించగలరు, తుమ్ము రాబోతున్నది" అని చెప్పి మరీ తుమ్ముతారు. ఒక్కోసారి ఈ చెప్పడంలోనే తుమ్ము కాస్తా వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు "సాంకేతిక కారణాల వల్ల రద్దయినది" అని అదీ ప్రకటిస్తారు.

ఆవిడ ముప్ఫై ఏళ్లు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బండ్ల రాకపోకలు చెప్పారు. రిటైరయ్యాక మైకు స్టేషన్లోనే ఉండిపోయింది, గొంతు మాత్రం ఇంటికి వచ్చేసింది. "మైకు మీద బెంగ. రెండేళ్లయినా తగ్గలేదు" అని కొడుకు నవ్వేవాడు. వాడికేం, పొద్దున్నే ఆఫీసుకి పోతాడు, దీపాలు వేసే వేళకి వస్తాడు. పగలంతా వినాల్సింది కోడలు.

ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలు. ఫ్రిజ్‌ల కంపెనీకి వచ్చే ఫిర్యాదులు ఇంట్లోంచే ఫోన్లో వినడం ఆ అమ్మాయి ఉద్యోగం. హాల్లో ఓ మూల టేబులు, చెవులకి హెడ్‌ఫోన్లు. అవతల ఎవరో పాపం తమ ఫ్రిజ్‌లో ఐసు కట్టడం లేదని మొరపెట్టుకుంటూ ఉంటారు. ఇవతల వెనకనుంచి వినిపిస్తుంది: "కుడి చేతివైపు స్టూలు ఉన్నది! నాలుగడుగుల దూరంలో బకెట్టు! గడప దాటవలెను!"

"మేడమ్, మీరు రైల్వే స్టేషన్లో ఉన్నారా?"

"లేదండీ, ఇంట్లోనే."

"మరి బండేదో వస్తున్నట్టుందే?"

"మా అత్తయ్యండీ. వంటింట్లోంచి వస్తున్నారు."

రోజుకి పదిమందికి ఈ సంజాయిషీ. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, "దేవుడా, ఈ ఇంట్లో ఒక్క వారం నిశ్శబ్దం ప్రసాదించు" అని మనసులోనే మొక్కుకునేది.

మామగారు మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. జీవితమంతా వాచీలు బాగుచేసిన మనిషి, మహా నెమ్మది. అంత మోతలోనూ చిరునవ్వు చెదరకుండా, ఆవిడ చెప్పిన స్టూలుని తప్పుకుని, ఆవిడ చెప్పిన గడప దాటి నడిచేవారు. అదేం ఓపికో అని కోడలు ఆశ్చర్యపోయేది.

ఇలా ఉండగా మైకమ్మగారి నడుము పట్టేసింది. ముప్ఫై ఏళ్లు కుర్చీలో కూర్చుంటే పట్టేయక ఏం చేస్తుంది! ఆవిడ దాన్నీ వదల్లేదు. "నొప్పి తుంటి నుండి బయలుదేరి, మోకాలు మీదుగా, మడమకు చేరును" అని పూటకోసారి చెప్పేవారు. మందులతో లొంగకపోయేసరికి డాక్టరుగారు వెన్నులో ఇంజెక్షన్ ఇస్తానన్నారు. బల్ల మీద బోర్లా పడుకుని కూడా ఈవిడ, "సూది ఎన్నో నంబరు పూస మీదికి వచ్చుచున్నదండీ?" అని అడిగితే, ఆయన నవ్వు ఆపుకోలేక సూది పక్కన పెట్టి ఒక నిమిషం ఆగాల్సి వచ్చింది.

ఇంజెక్షన్ పడ్డాక మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. మూడోరోజు పొద్దున తగ్గడం మాట దేవుడెరుగు, నొప్పి రెండింతలై కూర్చుంది. పక్కకి ఒత్తిగిల్లితే పట్టపగలే చుక్కలు కనిపించాయి. మైకమ్మగారు తువ్వాలు కొస పళ్ల మధ్య బిగించి నోరు మూసుకున్నారు.

కోడలు మొదటి గంట హాయిగా పని చేసుకుంది. రెండో గంటలో హెడ్‌ఫోన్లు తీసి చెవి రిక్కించింది. మూడో గంటకి ఉండబట్టలేక లేచింది. లోపలికి వెళ్లి, "అత్తయ్యా, ఏదో ఒకటి ప్రకటించండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలింది. ఆవిడ తువ్వాలు వదలకుండా తల అడ్డంగా ఊపారు.

ఇక లాభం లేదని ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"కాళ్లలో పట్టు తప్పుతోందా? జ్వరం ఉందా? బాత్రూముకి వెళ్లడంలో ఇబ్బంది ఏమైనా?" అని నర్సు అడిగింది.

"అవేం లేవండీ. నొప్పే, ఇదివరకటికన్నా ఎక్కువ."

"కొందరికి కొన్నాళ్లు ఇలా పెరిగి, తర్వాత తగ్గుతుంది. ఐసు పెట్టండి, కొంచెం కొంచెం నడిపించండి. నేనడిగిన వాటిలో ఏదొచ్చినా వెంటనే తీసుకొచ్చేయండి. ఎల్లుండి ఎలాగూ డాక్టరుగారు చూస్తారు."

ఫోన్ పెట్టేసిందో లేదో, నడవాలో ధడేల్‌మని చప్పుడు. భార్యకి టీ తీసుకెళుతున్న మామగారు, కోడలు మడవకుండా వదిలేసిన ఇస్త్రీ బల్లకి తగులుకుని కూలబడ్డారు. మోకాలు చెక్కుకుపోయింది. "చూసుకోలేదమ్మా" అని నవ్వబోతూ కళ్లజోడు కోసం నేలంతా తడుముతున్నారు. కళ్లజోడు జానెడు దూరంలోనే ఉంది.

కోడలు గబుక్కున ఆయన్ని లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలికి మందు రాసింది. రాస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కుడి చేతివైపు స్టూలు. నాలుగడుగుల దూరంలో బకెట్టు. గడప దాటవలెను. తిన్నగా అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యా, మామయ్యకి చూపు లేదా?"

ఆవిడ తువ్వాలు తీశారు. "ఎదురుగా కాస్త కనిపిస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. పక్కలు లేవు. రెండేళ్లయింది. ఇంకా పాడవకుండా చుక్కల మందు వేస్తున్నాం. చూపు మీదే బతికిన వాచీల మనిషి కదమ్మా, ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు."

"మరి ఆ తుమ్ములూ అవీ?"

"అన్నీ చెబితేనే కదే అసలుది దాగేది! నాకేం సరదానా? ఉద్యోగం చేసినన్నాళ్లు ఇంటికొచ్చి పెదవి విప్పితే ఒట్టు."

"పొద్దుట్నుంచీ మరి నోరెందుకు మూసుకున్నారు?"

"తెరిస్తే కేక వస్తుంది. కేక వింటే ఆయన పరుగెత్తుకొస్తారు. పరుగెత్తితే పడతారు."

"మూసుకున్నా పడ్డారుగా!"

"అదే, అక్కడే పప్పులో కాలేశాను" అన్నారు మైకమ్మగారు, పాపం, చాలా చిన్న గొంతుతో.

కోడలికి సిగ్గూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కానీ ఏడవడానికి తీరికేదీ? మామగారు మళ్లీ టీ పెడతానని వంటింటివైపు బయలుదేరారు. కోడలు ఒక్క అంగలో గుమ్మంలోకి వచ్చి, "ప్రయాణికులకు విజ్ఞప్తి! స్టూలు! స్టూలు ఉంది! కుడి... కుడివైపు!" అని అరిచింది.

మామగారు ఆగిపోయారు. "కొత్త అనౌన్సరా?" అన్నారు మెల్లగా.

"ట్రైనింగులో ఉన్నాను మామయ్యా."

ఆయన ముఖం విచ్చుకుంది. రెండేళ్ల బరువు దిగినట్టు పెద్ద నిట్టూర్పు విడిచి, స్టూలుని తప్పుకుని వెళ్లారు.

"తప్పు!" అని లోపలినుంచి గర్జన వినిపించింది. "ముందు దిక్కు, తర్వాత దూరం, ఆ తర్వాతే వస్తువు! స్టూలు స్టూలని గోల పెడితే ఆయన వెతుక్కుంటూ వెళ్లి మరీ గుద్దుకుంటారు!"

తప్పుడు అనౌన్స్‌మెంటు విని పడుకోవడం ఆవిడ వల్ల అయ్యే పనేనా? ఐసు సంచీ నడుముకి కట్టించుకుని, గోడ పట్టుకుని లేచారు. "నడుము ఎక్స్‌ప్రెస్ కొంచెం ఆలస్యంగా గుమ్మానికి చేరును. దారిలో మూడు కేకలు రాబోతున్నవి. ఎవరూ పరుగెత్తవలదు."

చెప్పినట్టే మూడు కేకలూ వచ్చాయి. మామగారు వంటింట్లో కదలకుండా నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఇంత సులువైన ఉపాయం ముందే తట్టనందుకు మైకమ్మగారు తనని తానే తిట్టుకున్నారు.

ఆ రోజు మంచం నుంచి గుమ్మం దాకా. మర్నాడు హాలు దాకా, కేకలు రెండు. ఆ మరుసటి రోజు డాక్టరుగారు చూసి, భయం లేదు, ఇలాగే నడవండి అన్నారు. మామగారు తనే కూర్చోబెట్టి కొడుక్కి సంగతి చెప్పారు. వాడు కళ్లు తుడుచుకుని తనూ అనౌన్సరుగా చేరాడు గానీ, కంగారులో ఎడమని కుడి అంటున్నాడని వాళ్లమ్మ రెండో రోజే సస్పెండు చేశారు.

పదమూడో రోజు పొద్దున కోడలు ఫోన్లో ఉండగా ఇల్లదిరిపోయింది. "నడుము ఎక్స్‌ప్రెస్, పది రోజుల ఆలస్యంతో, ఒక్క కేకయినా లేకుండా, వీధి గుమ్మానికి చేరుకున్నది!" పక్కనే ఆవిడ భుజం పట్టుకుని మామగారు, రెండేళ్ల తర్వాత షికారుకి బయలుదేరుతూ, పెళ్లికొడుకులా నవ్వుతున్నారు.

"మేడమ్, మీరు రైల్వే స్టేషన్లో ఉన్నారా?" అన్నాడు అవతల ఐసు కట్టని ఫ్రిజ్ ఆయన.

"అవునండీ," అంది కోడలు హెడ్‌ఫోన్లు తీస్తూ. "ఒక్క నిమిషం ఉండండి. మా బండి వచ్చింది."