రోడ్డు పక్క గది

మొన్న పెనుకొండలో మా బడి పక్కన బోరు వేస్తున్నారు. ఆ రొదను మించి వినపడాలని తొమ్మిదో తరగతిలో గొంతు పెంచానో లేదో, పాత మంట మళ్లీ రాజుకుంది. చాక్‌పీసు కింద పెట్టేశాను. మెహరున్నీసా మేడం గుర్తొచ్చారు.

నేను మొదట ఉద్యోగంలో చేరింది హిందూపురంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని కదా, గట్టిగా మాట్లాడటం మా ఇంట్లో అందరికీ అలవాటే. ఆ ధీమాతోనే రోడ్డు పక్క గది ఇస్తే మారు మాట్లాడకుండా తీసుకున్నాను. పైన రేకులు, కిటికీ అవతల బెంగళూరు పోయే లారీలు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అరుపులే. ఆ బడిలో ఎన్నో ఏళ్లుగా తెలుగు చెబుతున్న మెహరున్నీసా మేడం ఒకరోజు పిల్లలు వెళ్లాక లోపలికొచ్చారు.

"ఏం పాపా, పిల్లోళ్లకు చెప్తాండావా, లారీలకు చెప్తాండావా?"

నవ్వబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె ముఖం మారిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లుండాది?" అని అడిగి, నేను జవాబు చెప్పబోతుంటే తనే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు.

ఆ వారంలోనే నన్ను పుట్టపర్తిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. స్వరపేటికలో బుడిపెలు లేచాయనీ, కొన్ని వారాలు పెదవి కదపకూడదనీ, లేకపోతే గొంతు దక్కదనీ డాక్టరు అన్నాడు. నాయన మంచాన పడ్డాక ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. తిరుగు బస్సంతా ఏడ్చాను. మేడం ఓదార్చలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"మాట్లాడని టీచరు నాకెందుకమ్మా?" అన్నారు మరునాడు బడి నడిపే కరస్పాండెంటు.

"రెండు క్లాసులూ కలిపి కూచోబెట్టుకుంటాం సార్. నేను చెప్తా, ఆ పిల్ల బోర్డు మీద రాస్తాది. గొంతు పోయింది మీ గదిలోనే కదా!" అన్నారు మేడం. ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

పాఠం చెప్పడం నేను నేర్చుకున్నది మాట లేని ఆ వారాల్లోనే. నా గదిలో మేడం బోర్డు దగ్గర నిలబడేవారు కాదు, బెంచీల మధ్య తిరిగేవారు. పిల్లలు గోల చేస్తే గొంతు ఇంకా తగ్గించేవారు. ఏం చెబుతున్నారోనని వెనక బెంచీ వాళ్లు మెడలు చాచేవారు. లారీ వస్తే మాట ఆపేసి, అది పోయేదాకా పిల్లలతోపాటు తనూ నవ్వుతూ ఎదురుచూసేవారు.

గొంతు తిరిగొచ్చి, క్లాసులు మళ్లీ విడిపోయిన రోజు నా గదికి వెళ్తే బల్ల మీద ఆమె సంచీ ఉంది.

"నీ సామానంతా ఎనక నా గదిలో పెట్టించినా. ఆడ చప్పుడుండదు."

"మరి మీరు, మేడం?"

"నాది ముదిరిన గొంతులే. పో, బెల్లు కొడతారు."

ఆమె రిటైరయ్యేదాకా ఆ గదిలోనే చెప్పారు. తర్వాత పరిగిలో వాళ్లింటికి వెళ్తే గొంతు బొంగురుపోయి, పక్కన కూర్చుంటే తప్ప వినపడటం లేదు. ఆ గది వల్లే కదా అని అడిగాను. "వయసు పాపా. గది ఏం జేసింది?" అని నవ్వి, తినమని ప్లేటు నా ముందుకు జరిపారు. ఆ మాట ఈనాటికీ నేను నమ్మలేదు.

ఇప్పుడు మా బడిలో కొత్త టీచరు ఎవరైనా చేరితే, పాఠం ఎలా చెబుతోందన్నది తర్వాత చూస్తాను. సాయంత్రానికి ఆమె గొంతు ఎలా ఉందో ముందు వింటాను.