పియానో కచేరీలో మా తాత విల్లు

దయ్యాల సినిమాకి వెళ్ళి పకపకా నవ్వి, పక్క సీటువాళ్ళ చేత తిట్లు తిన్న మనిషిని నేను. ఇది చదివి ‘పాపం, పిచ్చిపిల్ల, ఏదో భ్రమపడింది’ అనుకునేముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. నేనేం భయపడలేదు. భయపడాల్సింది కూడా అక్కడ ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు సైదా. గుంటూరు బ్రాడీపేటలో మాకు పరుపుల కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంటర్ మధ్యలో మానేసి కొట్లో కూర్చున్నాను. మేం దూదేకులవాళ్ళం. ఇప్పుడు దూది ఏకడానికి మిషను ఉందిగానీ, మా తాత మాత్రం చివరిదాకా విల్లుతోనే ఏకాడు. చూడనివాళ్ళకి చెబుతున్నాను, అది మనిషికన్నా పొడుగు కర్ర. దానికి ఈ చివర నుంచి ఆ చివరికి బిగించిన నరం, అంటే మేక పేగుతో చేసిన తీగ. పైకప్పు నుంచి తాడుతో వేలాడుతుంది. నరాన్ని దూదిలో ఆనించి చెక్కగుండుతో కొడితే తుంయ్ మని మోగుతుంది, దూది పొగలా లేస్తుంది.

తాతకి ఒక అలవాటు. సాయంత్రం పని అయిపోగానే నరాన్ని ఒక్కసారి గట్టిగా మోగించి, అది మోగుతుండగానే ముడి వదులు చేసేవాడు. రాత్రంతా బిగించి ఉంచితే నరం పాడవుతుందని. అప్పుడా మోత పైనుంచి కిందికి జారుతూ జారుతూ ఆగిపోయేది. వదులైన నరాన్ని కర్ర చివర చుట్టి ముడి వేసేవాడు. నరం దించడం అంటాం మేము. వెనకింట్లో నానమ్మకి అదే కబురు. అది వినపడగానే కంచాలు పెట్టేది. వినపడందే మా ఇంట్లో ఎవరమూ రాత్రి అన్నానికి కూర్చునేవాళ్ళం కాదు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, పని మీదుండగానే తాత కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇక తిరిగి ఇంటికి రాలేదు.

విల్లు మాత్రం బిగించింది బిగించినట్టే ఉండిపోయింది. నాన్న దించబోతే నానమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ముట్టుకోమాకరా. ఆయన పని ఆయన చేసుకుంటాడు.”

ఆ రోజు నుంచి నానమ్మ రాత్రిపూట అన్నం మానేసింది. ఏడవదు, ఎవరినీ ఏమీ అనదు. కంచం పెడితే “ఇంకా నరం దించలేదుగా” అంటుంది, బస్సు ఇంకా రాలేదుగా అన్నట్టు, మామూలుగా. పొద్దున ఒక బన్ను, టీ, మధ్యాహ్నం నాలుగు మెతుకులు. ఆమె జాకెట్లన్నీ వదులైపోతే నేనే లోపలికి కుట్లు వేస్తూ వచ్చాను. కుడుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. మా పక్క క్లినిక్ డాక్టరుగారు ఒకసారి సెలైన్ పెట్టి, బయటికి వచ్చి నాతో మెల్లగా చెప్పారు, “అమ్మాయ్, ఇలాగైతే ఈ చలికాలం గట్టెక్కదు. ఎలాగోలా తినిపించండి.”

ఆ డాక్టరుగారికే సంగీతం పిచ్చి. చెన్నై నుంచి పియానో వాయించే పెద్దాయన్నీ, వయొలిన్ వాయించే అమ్మాయినీ పిలిపించి మా పేటలోనే ఒక పాత హాల్లో కచేరీ పెట్టించారు. కచేరీ రోజు పొద్దున కొట్టుకి వచ్చి, పరుపులు అద్దెకి కావాలి అన్నారు.

“ఎంతమంది పడుకుంటారండీ?”

“పడుకోవడానికి కాదు సైదా. గోడలకి నిలబెట్టాలి. ఉత్త హాలు కదా, వాయించిందంతా తిరిగొచ్చి చెవుల్లో పడుతోందని పియానో ఆయన విసుక్కుంటున్నాడు.”

నవ్వు ఆపుకోలేకపోయాను. పరుపుల్ని నిలబెట్టి పాట వినిపించడం ఎక్కడైనా ఉందా! కానీ పని పనే. పెళ్ళికని అమ్మానాన్నా వినుకొండ వెళ్ళారు. కుర్రాళ్ళని పెట్టుకుని నేనే పరుపులు వేయించాను. వెనక గోడకీ, రెండు పక్కలా వరసగా. వేశాక డాక్టరుగారు చప్పట్లు కొట్టి చూశారు. చప్పుడు పుట్టిన చోటే చచ్చిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

“సాయంత్రం మీ నానమ్మని కూడా తీసుకురా. ఒక్కత్తీ ఇంట్లో ఏం చేస్తుంది?” అన్నారు. కొట్టుకి తాళం వేసి, తాళంచెవి నా పర్సులో వేసుకుని, నానమ్మని ఆటోలో తీసుకెళ్ళాను. తాళంచెవి అదొక్కటే.

హాలు బాగానే నిండింది. డాక్టర్లు, లెక్చరర్లు, యార్డు నుంచి నేరుగా వచ్చిన మిర్చి వ్యాపారులు కొందరు. వాళ్ళ చొక్కాల ఘాటుకి ముందు వరసంతా దగ్గుతూనే ఉంది. వయొలిన్ అమ్మాయిది నా వయసే, నేత చీర కట్టుకుంది. ఆమె కమాను చేతిలోకి తీసుకోగానే నానమ్మ నా చెవిలో అంది, “ఏమే, ఇంత బుల్లి విల్లుతో ఈ పిల్ల ఏం ఏకుద్దే?”

ఎన్ని నెలలైందో ఆమె నోటి వెంట హాస్యం విని.

మొదటి పాట మధ్యలో వాళ్ళు కాస్త ఆగారు. అయిపోయిందనుకుని హాలంతా చప్పట్లు కొట్టేశాం. మిర్చి వ్యాపారి ఒకాయన ఈల కూడా వేశాడు. పియానో ఆయన తల వంచుకుని నవ్వుకున్నాడు. డాక్టరుగారు లేచి, చేతులు జోడించి, “ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకునేదాకా కాస్త ఆగండి బాబూ” అన్నారు. అంతే, అందరికీ సిగ్గేసింది. ఇక ఆయన చేతులవంకే చూస్తూ కూర్చున్నాం.

ఆఖరిది చాలా నెమ్మది పాట. పేరు చెప్పారుగానీ నాకు గుర్తులేదు. పియానో రేకు మీద చినుకుల్లా ఒక్కోటి, ఒక్కోటి. వయొలిన్ ఏకిన దూదిలోంచి దారం లాగుతున్నట్టు, ఎక్కడ తెగుతుందో అనిపించేలా. నాకు సంగీతం తెలియదు. అయినా కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాను. చివరి మోత సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. పియానో ఆయన చేతులు ఇంకా మీటల మీదే ఉన్నాయి. ఒకసారి సిగ్గుపడ్డవాళ్ళం కదా, ఎవరూ కదల్లేదు.

అప్పుడు వినపడింది.

తుంయ్ మని, లోతుగా, గట్టిగా ఒక్కసారి. తర్వాత కిందికి జారుతూ, జారుతూ, ఆగిపోయింది.

నేను పుట్టిన దగ్గర్నుంచి రోజూ విన్న మోత అది. నిద్రలో వినిపించినా చెప్పగలను. స్టేజీ మీద వయొలిన్ అమ్మాయి చటుక్కున తన తీగల వంక చూసుకుంది. పియానో ఆయన తల తిప్పి పరుపుల గోడవైపు చూశాడు. ఆ తర్వాతే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

అప్పటిదాకా నా చెయ్యి బిగించి పట్టుకున్న నానమ్మ మెల్లగా వదిలేసింది.

“దించాడు” అంది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “పదవే, అన్నం వేళ దాటిపోద్ది.”

ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి స్టేజీ దగ్గరికి పరిగెత్తాను. వయొలిన్ అమ్మాయి ఒక్కో తీగా మీటి చూసుకుంటోంది. ఏ తీగా జారలేదట. “ఇంత లావు మోత దీన్లోంచి రాదండీ” అంది. పియానో ఆయన, అది సరిగ్గా మా శ్రుతిలోనే మొదలైంది, అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళని అడిగాను. కొందరు విన్నామన్నారు, కొందరు ఏ మోత అన్నారు.

ఇంటికి వచ్చి తాళం తీసి, కొట్లో లైటు వేశాను. నరం దిగి ఉంది.

నానమ్మ దాని వంక చూడను కూడా చూడలేదు. తిన్నగా వెళ్ళి కంచాలు పెట్టింది. పప్పు, గోంగూర పచ్చడి. మొదటి ముద్ద అయ్యాక ఇంకోటి కలుపుకుంది. నేను పెరట్లో కుళాయి దగ్గరికెళ్ళి, నీళ్ళు వదిలేసి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మర్నాడు నాన్న వచ్చి, “చలికాలం కదే, చెమ్మకి వదులై ఉంటది” అన్నాడు. అంటూనే దగ్గరికెళ్ళి చూశాడు. నరం వదులై వేలాడటం లేదు. కర్ర చివర శుభ్రంగా చుట్టి, ముడి వేసి ఉంది. తాతది ఎడమచేతి వాటం, ఆయన ముడి అందరికీ ఎదురుగా తిరిగి ఉంటుంది. నరం ఒరుసుకుని తెగకుండా ముడి కింద చిటికెడు దూది పెట్టేవాడు. ఆ దూది కూడా ఉంది. నాన్న పరుపుల దొంతి మీద కూర్చుండిపోయాడు.

డాక్టరుగారు కచేరీ అంతా ఫోనులో తీశారు. అడిగి చూశాను. ఆ చోట ఏ మోతా లేదు, ఫ్యాను చప్పుడు తప్ప. కానీ వయొలిన్ అమ్మాయి చటుక్కున తీగల వంక చూసుకోవడం మాత్రం అందులో పడింది.

ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. నేను దయ్యాల్ని నమ్మను, ఇప్పుడూ అంతే. చెమ్మకి నరం వదులవుతుంది, ఒప్పుకుంటాను. ముడి వేయదు కదా.

మొన్న రాత్రి అన్నాల దగ్గర నానమ్మనే అడిగాను, అంత దూరాన హాల్లోకి ఎలా వినపడింది నానమ్మా అని. కూర గిన్నె నా వైపు తోసి, “పనైపోతే చెప్పడా మరి?” అంది.